ఎన్ని తూటాలు చాలు?

ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. రాయడానికి నాకు నాలుగు వారాలు పట్టింది. చదవడానికి మీకు నాలుగు రోజులు పట్టినా తప్పు లేదు.

మా గుడి వంటింట్లో శనివారం పొద్దున నాది కూరగాయల పని. పోయిన ఏడాది జూన్‌లో ఒక శనివారం, నా పక్కన కూర్చుని బీన్స్ తరుగుతున్న కుర్రవాడు గొంతు తగ్గించి అడిగాడు. "అంకుల్, నేను తుపాకీ లైసెన్సుకి అప్లై చేస్తున్నాను. చుట్టం కాని మనిషి పేరు ఒకటి ఇవ్వాలంట. మీ పేరు ఇవ్వమంటారా?"

నా చేతిలో కత్తి ఆగిపోయింది.

అతనిది ఆదిలాబాద్ వైపు పల్లె. ఇక్కడ ఆక్లండ్‌లో కరెంటు పని చేస్తాడు. తోటి పనివాళ్ళు ఏటా ఏప్రిల్‌లో జింకల వేటకు పోతారు. ఈసారి అతన్ని కూడా రమ్మన్నారు. మంచి పిల్లవాడు. నా తెలుగుకు గురువు కూడా అతనే. నేను పెద్ద బాలశిక్ష ముందు పెట్టుకుని యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. ఏ మాట తప్పు పలికినా నవ్వకుండా సరిచేసేది అతనొక్కడే.

కానీ తుపాకీ అంటే నాకు భయం. నేను ఫిజీలో పుట్టాను. మద్రాసు రేవు నుంచి ఫిజీకి కూలీల ఓడలు 1903లో మొదలయ్యాయి. మా ముత్తాత అలాంటి ఓడ ఒకటి ఎక్కినవాడే. మేం ఇంగ్లీషు బడిలో చదివాం, ఇంట్లో ఫిజీ హిందీ మాట్లాడాం. తెలుగు మా నాన్నమ్మ పాటల్లోనే మిగిలింది. 1987 మే 14 పొద్దున సైనికులు తుపాకులతో మా పార్లమెంటులోకి వచ్చి ప్రభుత్వాన్ని పడగొట్టారు. ఆ వార్త రేడియోలో విన్నప్పుడు మా అమ్మ చేసిన మొదటి పని తలుపు గడియ వేయడం. ఆ గడియ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తు. ఆ తర్వాత వేలమంది ఫిజీ వదిలి వెళ్ళారు. మేం ఈ దేశం వచ్చాం.

అందుకని నేను వెంటనే సరే అనలేదు. "కొంచెం టైమివ్వు బాబూ, చదువుకుని చెప్తాను" అన్నాను.

అతను నవ్వాడు. "అయితే ఇది కూడా చదవండి అంకుల్. మొదటిసారి వేటకు పోయేవాడు తుపాకీని ఎట్లా తయారు చేసుకోవాలి? ఎన్ని తూటాలు కొనాలి? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తున్నారు."

తూటా. ఆ రోజు నేను నేర్చుకున్న కొత్త మాట అది. ఆ చిన్న ప్రశ్నకు జవాబు వెతికితే ఈ దేశం చరిత్ర సగం బయటపడింది.

పులి లేని అడవి

న్యూజిలాండ్ అడవిలో జింక పుట్టలేదు. మనుషులు రాకముందు ఇక్కడి నేల మీద పాలిచ్చే జంతువులంటే గబ్బిలాలే. తీరంలో సీల్స్ ఉండేవి. మిగతా అడవంతా పక్షులది.

జింకను ఓడల్లో తెచ్చింది ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ దేశంలో జింక వేట దొరలకు, భూస్వాములకు మాత్రమే. పేదవాడు జింకను కొడితే జైలు. కొత్త దేశంలో మామూలు మనిషి కూడా వేటాడాలని వీళ్ళకు ఆశ. 1851లో నెల్సన్ దగ్గర మొదటి ప్రయత్నం చేశారు. 1861లో అక్కడే వదిలిన ఎర్ర జింకలు నిలదొక్కుకున్నాయి. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ విండ్సర్ తోట నుంచి బహుమతిగా ఇచ్చిన కొన్ని జింకలు 1862లో ఇక్కడికి వచ్చాయి. అవి వైరారాపా కొండలకు చేరాయి. 1871లో స్కాట్లండ్‌లోని ఇన్వర్‌మార్క్ నుంచి ఒటాగోకు మరికొన్ని వచ్చాయి. 1905లో అమెరికా అధ్యక్షుడు థియొడొర్ రూజ్వెల్ట్ పంపిన వాపిటి అనే పెద్ద జింకలను ఫియోర్డ్‌లండ్‌లో వదిలారు.

మన వైపు జంతువులు కూడా వచ్చాయి. 1860లలో ఒటాగోలో చుక్కల దుప్పిని వదిలారు, అది చివరికి నిలవలేదు. 1875 ప్రాంతంలో సిలోన్ నుంచి సాంబార్ జింకలను తెచ్చి మనవాటూలో వదిలారు. వాటి సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. ఈ సంగతి చెప్పగానే మా కుర్రవాడు కత్తి కింద పెట్టేశాడు. "సాంబార్ అంటే కణితి అంకుల్! మా తాత కణితి అడుగు చూసి అది ఎప్పుడు పోయిందో చెప్పేవాడు." వాళ్ళ వైపు కవ్వాల్ అడవి ఇప్పుడు పులుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత అక్కడ కణితిని కొడితే నేరం. అదే జంతువును ఇక్కడ వేటాడతారు. ఒకే ప్రాణి, రెండు దేశాలు, రెండు ధర్మాలు. ఎందుకు?

ఎందుకంటే ఇక్కడ పులి లేదు. చిరుత లేదు, రేచుకుక్క లేదు. ఏ మృగానికీ భయపడని జింక పెరుగుతూనే పోయింది. లేత మొక్కలను మొలవగానే తినేసింది. పెద్ద చెట్టు పడిపోతే దాని చోట లేవడానికి పిల్ల చెట్టు లేదు. జింకను ప్రేమతో తెచ్చినవాళ్ళే పులిని తీసేసిన అడవిని తయారు చేశారు. ఆ పులి పని తర్వాత తుపాకీ చేయవలసి వచ్చింది.

కొమ్ముల లెక్క, తోకల లెక్క

మొదట్లో వేట చాలా పద్ధతిగా సాగేది. జంతువులను తెప్పించిన సంఘాలే లైసెన్సులు అమ్మేవి. వేటకు ఒక కాలం ఉండేది. ఒక మనిషి ఇన్ని మగ జింకలకు మించి కొట్టకూడదని హద్దు ఉండేది. వేటగాడికి కావలసింది గోడకు తగిలించే పెద్ద కొమ్ములు. వారం రోజులు కొండ మీద తిరిగి, దుర్బిణీతో చూసి, ఒకదాన్ని ఎంచుకునేవాడు. అలాంటివాడికి జేబులో పిడికెడు తూటాలు చాలు.

1920ల చివరికి లెక్క మారింది. రైతులు, అడవి శాఖవాళ్ళు మొరపెట్టుకున్నారు. 1930లో క్రైస్ట్‌చర్చ్‌లో జింకల బెడద గురించి ఒక పెద్ద సమావేశం జరిగింది. జింకకు ఉన్న రక్షణను ప్రభుత్వం తీసేసింది. 1931 నుంచి అంతర్గత వ్యవహారాల శాఖ జీతం ఇచ్చి వేటగాళ్ళను కొండల్లోకి పంపడం మొదలుపెట్టింది. ఆ పని నడిపినవాడు కెప్టెన్ యెరెక్స్. వాళ్ళను ఇక్కడ కల్లర్లు అంటారు. కొట్టిన జింకకు గుర్తుగా తోకో చర్మమో తెచ్చి చూపించాలి. జీతం కాకుండా జింకకు ఇంత అని డబ్బు ఉండేది. 1956లో ఈ పని అటవీ శాఖ చేతికి వచ్చింది. అలాంటి వేటగాడిగా పనిచేసిన బ్యారీ క్రంప్ 1960లో 'ఎ గుడ్ కీన్ మ్యాన్' అనే పుస్తకం రాశాడు. ఈ దేశంలో పాత ఇళ్ళలో ఆ పుస్తకం ఇప్పటికీ కనిపిస్తుంది.

కల్లర్ చేతిలో ఉన్నది ఎక్కువగా త్రీ నాట్ త్రీ. ఆంధ్ర, తెలంగాణ మిత్రులకు ఈ పేరు నాకంటే బాగా తెలుసు. పోలీసు కానిస్టేబుల్ భుజం మీద చూసి ఉంటారు. గొట్టం లోపలి వెడల్పు అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే 303 భాగాలు. పేరు అక్కడి నుంచి వచ్చింది. లీ ఎన్‌ఫీల్డ్ అనే ఈ తుపాకీ 1895 నుంచి బ్రిటిష్ సైన్యంలో ఉంది. ఇంగ్లండ్‌లో, బెంగాల్‌లోని ఇషాపూర్‌లో, ఆస్ట్రేలియాలో తయారైంది. యుద్ధాలు అయిపోయాక అవి చవకగా అమ్ముడుపోయాయి. న్యూజిలాండ్‌లో ఎందరో తాతల మొదటి వేట తుపాకీ అదే.

త్రీ నాట్ త్రీ తూటా ఒకటి సుమారు 25 గ్రాములు. నలభై తూటాలు ఒక కిలో. ఆ కల్లర్లు పిండి, బియ్యం, టీ, దుప్పటి అన్నీ వీపు మీద మోసుకుని నదులు దాటేవాళ్ళు. ఎక్కువ తూటాలు తీసుకుంటే తిండి తగ్గాలి. తక్కువ తీసుకుంటే సంపాదన తగ్గాలి. కాబట్టి 'ఎన్ని చాలు' అన్నది వాళ్ళకు వీపు చెప్పే లెక్క.

1960లలో హెలికాప్టర్లు వచ్చాయి. జింక మాంసం పశ్చిమ జర్మనీకి ఎగుమతి అయ్యేది. పైనుంచి కాలుస్తుంటే, ఓడి పడిపోయిన జింకలను తాడుకు కట్టి గుత్తులుగా ఎత్తుకుపోయేవాళ్ళు. కొండల మీద జింకల సంఖ్య బాగా పడిపోయింది. తర్వాత వాటిని బతికుండగానే పట్టి కంచెల్లో పెంచడం మొదలైంది. ఆ కాలంలో తూటాలకు లెక్కే లేదు.

తూటాలు చేసిన ఊరు

ఈ తూటాలు ఎక్కడివి? చాలావరకు మా ఆక్లండ్‌వే. 1885లో రష్యా ఓడలు దాడి చేస్తాయని ఈ దేశంలో పుకారు, భయం. అప్పుడు మేజర్ జాన్ విట్నీ అనే ఆయన మౌంట్ ఈడెన్ దగ్గర తూటాల ఫ్యాక్టరీ పెట్టాడు. అదే కలోనియల్ అమ్యూనిషన్ కంపెనీ అయింది. 1914లో అక్కడ ఒక ఎత్తైన ఇనుప గోపురం కట్టారు. పైన సీసాన్ని కరిగించి జల్లెడలో పోస్తే, చుక్కలు కిందికి పడుతూ గాలిలోనే గుండ్రంగా అయ్యేవి, అడుగున నీళ్ళలో పడి గట్టిపడేవి. అవి షాట్‌గన్ గుండ్లు. ఆ దారిలో బస్సులో వెళ్తూ నేను ఎన్నోసార్లు ఆ గోపురం చూశాను. అదేమిటో ఏనాడూ ఎవరినీ అడగలేదు. 2023లో గేబ్రియేల్ తుఫాను వచ్చినప్పుడు అది పడిపోతుందని భయపడి విప్పేశారు. ఇప్పుడు అడగడానికి అది లేదు.

సైన్యం తూటాకు, వేట తూటాకు తేడా ఉంది. ఇది కొత్తవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. సైన్యం తూటా ముక్కు మీద గట్టి లోహపు తొడుగు ఉంటుంది. అది జంతువు ఒంట్లోంచి సూదిలా దూసుకుపోతుంది. జింక వెంటనే చావదు, గాయంతో పరుగెత్తి ఎక్కడో రోజంతా బాధపడి చస్తుంది. వేట తూటా ముక్కు మెత్తగా ఉంటుంది. తగలగానే పువ్వులా విచ్చుకుంటుంది, జింక క్షణాల్లో పడిపోతుంది. ఇలా విచ్చుకునే తూటాలను 1890లలో కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీలో బ్రిటిష్ సైన్యం కోసం చేశారు. 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో వాటిని వాడకూడదని చెప్పింది. మనిషికి మరీ క్రూరమని యుద్ధంలో వద్దన్న తూటాయే, జింక బాధ తగ్గాలని వేటలో వాడమంటారు. దీని గురించి నేను చాలాసేపు ఆలోచించాను. రెండు నియమాల వెనుకా ఉన్నది దయే అనిపించింది.

తుపాకీ తయారీ

ఇక మా కుర్రవాడి ప్రశ్న. నేను తుపాకీ పట్టలేదు. పుస్తకాలు చదివి, ముప్పై ఏళ్ళు వేటాడిన మా పక్కింటాయనను అడిగి, రాసుకున్నది ఇది.

మొదట తుపాకీలో తూటా లేదని కళ్ళతో చూసి, వేలితో తాకి తెలుసుకోవాలి. తర్వాత బోల్ట్ తీసి గొట్టంలోంచి వెలుగు చూడాలి. లోపల మట్టి, గుడ్డ ముక్క, ఎక్కువ నూనె ఏదీ ఉండకూడదు. అడ్డు ఉన్న గొట్టం పేలితే ముఖం దగ్గర పేలుతుంది. నూనె మిగిలితే మొదటి తూటా వేరే చోటికి పోతుంది. దుర్బిణీని పట్టి ఉంచే మరలు బిగుతుగా ఉన్నాయా చూడాలి.

గొట్టం మీద చెక్కిన పేరు, తూటా పెట్టె మీద పేరు, తూటా అడుగున ముద్రించిన పేరు మూడూ ఒకటే కావాలి. అతను కొనాలనుకున్నది త్రీ నాట్ ఎయిట్. 1952లో వచ్చిన తూటా అది. వినడానికి త్రీ నాట్ త్రీకి తమ్ముడిలా ఉంటుంది, కానీ రెండూ ఒకటి కావు. ఒకదాని తూటా మరొకదానిలో పెట్టకూడదు.

తర్వాత గురి సరిచూడడం. కొత్త దుర్బిణీ బిగించాక మొదట 25 మీటర్ల దగ్గర కాగితం మీద కాల్చాలి. అక్కడ మధ్యకు వచ్చాక 100 మీటర్లకు వెళ్ళాలి. ఒక్క తూటా చూసి మీట తిప్పకూడదు. మూడు కాల్చి, ఆ మూడు చిల్లుల నడిమి చోటు చూడాలి. ఎక్కువ దుర్బిణీల్లో ఒక క్లిక్‌కు 100 మీటర్ల దగ్గర సుమారు 7 మిల్లీమీటర్లు జరుగుతుంది. మధ్యమధ్య గొట్టం చల్లారనివ్వాలి. వేడెక్కిన గొట్టం అబద్ధం చెప్తుంది, కొండ మీద మొదటి తూటా ఎప్పుడూ చల్లని గొట్టం నుంచే పోతుంది.

ఇప్పుడు తూటాల లెక్క. ఒక పెట్టెలో సాధారణంగా 20 ఉంటాయి. ఒకే కంపెనీ, ఒకే బరువు, వీలైతే పెట్టె మీద ఒకే బ్యాచ్ నంబరు ఉన్నవి మూడు పెట్టెలు, అంటే 60. వేరే రకం తూటా తగిలే చోటు వేరు. చవక తూటాతో గురి చూసుకుని ఖరీదైనది కొండకు తీసుకెళ్తే ఆ గురి వ్యర్థం. మొదటి 20 గురి సరిచేయడానికి. తర్వాతి 25 అభ్యాసానికి. బల్ల మీద ఆనించి కాదు, సంచి మీద ఆనించి, కూర్చుని, మోకాలి మీద, ఊపిరి ఆడుతుండగా. ఏ దూరంలో ప్రతి తూటా భోజనం పళ్ళెం అంత చోటులో పడుతుందో అదే అతని హద్దు. అంతకు మించి జింక మీద కాల్చకూడదు. జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు అంతే. వేటకు ముందు రోజు మరో 3, దారి కుదుపులకు గురి కదిలిందేమో చూడడానికి. కొండ మీదకు 10. మిగిలిన రెండు ఇంట్లో, తుపాకీకి దూరంగా, వేరే తాళం కింద.

చూడండి, 60లో 48 జింకను చూడకముందే అయిపోవాలి. కొత్తవాళ్ళు దీన్ని తిరగేసి చేస్తారట. నాలుగు కాల్చి గురి కుదిరిందనుకుంటారు, నలభై సంచిలో వేసుకుని కొండ ఎక్కుతారు. సంచిలో బరువు ఎక్కువైతే చేతిలో తొందర ఎక్కువవుతుంది అని పక్కింటాయన అన్నాడు.

శబ్దం విని కొట్టిన రాజు

ఈ దేశంలో తుపాకీ పట్టే ప్రతి ఒక్కరూ ఏడు నియమాలు నేర్చుకుంటారు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే భావించు. గొట్టాన్ని ఎప్పుడూ ప్రమాదం లేని వైపు ఉంచు. కాల్చే క్షణం వచ్చేదాకా గదిలో తూటా పెట్టకు. గురి ఏమిటో ఏ సందేహమూ లేకుండా తెలుసుకో. గురి వెనుక ఏముందో చూడు. తుపాకీ, తూటాలు భద్రంగా దాచు. మందు తాగి ముట్టుకోకు.

నాలుగోది చదివినప్పుడు నాకు మా నాన్నమ్మ గుర్తొచ్చింది. ఆమె చెప్పిన దశరథుడి కథ. వానాకాలం, సరయూ ఒడ్డు, చీకటి. కుండలో నీళ్ళు నిండే బుడబుడ శబ్దం. ఏనుగు తాగుతోందనుకుని రాజు శబ్దం వచ్చిన వైపు బాణం వేశాడు. పడింది గుడ్డి తల్లిదండ్రులకు నీళ్ళు తీసుకెళ్ళే పిల్లవాడు. మేం శ్రవణకుమారుడు అని విన్నాం. దశరథుడు చెడ్డవాడు కాదు, గురి తప్పినవాడూ కాదు. అతని బాణం సరిగ్గా తగిలింది. తప్పు బాణం వేయకముందు జరిగింది.

న్యూజిలాండ్ అడవుల్లో ఇదే కథ మళ్ళీమళ్ళీ జరిగింది. మార్చి, ఏప్రిల్‌లలో మగ జింకలు అరిచే కాలంలో అడవి నిండా వేటగాళ్ళు ఉంటారు. కొమ్మ విరిగిన చప్పుడు, పొదలో గోధుమరంగు కదలిక, ఒక తూటా. చాలాసార్లు పడినవాడు కాల్చినవాడి సొంత స్నేహితుడే, పొద్దున కలిసి టీ తాగినవాడే. కాల్చినవాళ్ళలో అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. అందుకే మెరిసే నారింజ రంగు బట్టలు వేసుకోమంటారు. అందుకే పొదలో ఏముందో చూడడానికి తుపాకీ మీది దుర్బిణీ వాడకూడదు, చేతి దుర్బిణీ వేరే ఉండాలి. తుపాకీతో చూస్తే, అది మనిషి అని తెలిసే సమయానికి గొట్టం అప్పటికే మనిషి వైపు ఉంటుంది.

సాక్షి

ఇక నా సంగతి. లైసెన్సు కాగితంలో నా పేరు.

ఈ దేశం 1920లో తుపాకులను నమోదు చేయమంది. యుద్ధం నుంచి ఇళ్ళకు వచ్చిన ఆయుధాల భయం అది. 1983 చట్టం ఆ పద్ధతి మార్చింది. మామూలు వేట తుపాకుల లెక్క మానేసి, మనిషికి లైసెన్సు ఇవ్వడం మొదలుపెట్టింది. మనిషి మంచివాడైతే తుపాకీ లెక్క ఎందుకు అన్నది ఆలోచన. 1990 నవంబర్‌లో అరామోవానా అనే చిన్న ఊళ్ళో ఒకడు పదమూడు మందిని చంపాడు. 1992లో నియమాలు బిగించారు.

తర్వాత 2019 మార్చి 15. క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో శుక్రవారం ప్రార్థనలో ఉన్న 51 మందిని ఒకడు చంపాడు. ఆ సాయంత్రం మా గుడి తలుపులు మూసేశాం. గడియ వేసింది నేనే. ఆ చప్పుడు ఫిజీలో మా అమ్మ వేసిన గడియ చప్పుడే. నెల తిరగకముందే పార్లమెంటు ఎక్కువ రకాల సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధించింది. 2023 జూన్‌లో తుపాకుల నమోదు మళ్ళీ మొదలైంది.

ఆ సంఘటన మీద రాయల్ కమిషన్ 2020లో ఇచ్చిన నివేదికలో ఒక భాగం నన్ను కూర్చోనివ్వలేదు. ఆ మనిషికి లైసెన్సు ఉంది. అతను మంచివాడని చెప్పిన ఇద్దరిలో ఒకరు ఇంటర్నెట్ ఆటల ద్వారా పరిచయమైన స్నేహితుడు. రెండోవారు ఆ స్నేహితుడి కన్నవారిలో ఒకరు. అతన్ని దగ్గరగా ఎరిగిన మనుషులు కారు. ఆ పరీక్ష సరిగా జరగలేదని కమిషన్ తేల్చింది.

నేను చదివిన చరిత్రలో తూటాలు, తోకలు, తుపాకులు అన్నీ లెక్కపెట్టారు. మనిషిని మాత్రం మరో మనిషి మాట మీదే నమ్మారు. ఆ మాట చెప్పవలసిన చోట ఇప్పుడు నేను ఉన్నాను. పరిచయస్తుడు కదా, కాదంటే బాగుండదు అని సరే అనడం కూడా చీకట్లో శబ్దం విని బాణం వేయడమే.

అందుకని అతన్ని ఇంటికి పిలిచాను. భోజనం పెట్టాను. మూడు గంటలు అడిగాను. కోపం వస్తే ఏం చేస్తావు? మందు ఎంత తాగుతావు? ఇంట్లో గొడవలున్నాయా? మనసు బాగాలేనప్పుడు ఎవరితో చెప్తావు? పిల్లవాడు నొచ్చుకోలేదు. ఒక్కదానికి మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, వచ్చిన మొదటి ఏడాది పని పోయి నిద్రపట్టేది కాదని, డాక్టర్ దగ్గరకు వెళ్ళానని చెప్పాడు. "అది కూడా వాళ్ళకు చెప్తావా?" అన్నాను. "రాసేశాను అంకుల్" అన్నాడు. అప్పుడు నా పేరు ఇవ్వమన్నాను. తర్వాత నాతో మాట్లాడడానికి అధికారి వచ్చినప్పుడు ఒక గంట కూర్చుని, తెలిసినది తెలిసినట్టు చెప్పాను.

గుడిలో కొందరు నన్ను తప్పుపట్టారు. మాంసం తినని మనిషివి, వేటగాడికి సాక్ష్యం ఎలా చెప్పావు అన్నారు. నేను శ్రీకాళహస్తి పేరు చెప్పాను. తిన్నడు వేటగాడే. తెచ్చిన మాంసమే శివుడికి పెట్టాడు, కన్ను కూడా పెట్టాడు. ధూర్జటి ఆ కథను కావ్యంగా రాశాడు. అయినా నేను తినను. అది నా నియమం, తిన్నడి నియమం కాదు.

ఈ ఏప్రిల్‌లో అతను మొదటి వేటకు వెళ్ళి వచ్చాడు. శనివారం వంటింట్లో నా పక్కన కూర్చుని సొరకాయ చెక్కు తీస్తూ చెప్పాడు. రెండో రోజు సాయంత్రం కొండ అంచు మీద ఒక ఆడ జింక నిలబడింది. ఎనభై మీటర్లు కూడా లేదు. దుర్బిణీలో కనురెప్ప కూడా కనిపించింది.

"కొట్టావా?"

"లేదంకుల్. దాని వెనక ఆకాశమే ఉంది. కొండ అవతల ఏముందో నాకు తెల్వదు."

పది తూటాలు తీసుకెళ్ళాడు. పదీ తిరిగి తెచ్చాడు. తోటి పనివాళ్ళు రెండు రోజులు ఆటపట్టించారట. నాకు మాత్రం ఆ రోజు సొరకాయ కూర చాలా రుచిగా ఉంది.

ఈసారి నేను నేర్చుకున్న మాటలు: తూటా, గురి, గడియ, కణితి, సాక్షి. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి. వచ్చే నెల కలుద్దాం.